బరంపురం నుంచి జర్మనీకి: రెండు పాలసీల నడుమ ఖాళీ రోజులు

మీరు అడిగినది ముందు నాకు అర్థమైనట్టు చెప్పుకుంటాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీది బరంపురం, ఉద్యోగం భువనేశ్వర్‌లో. స్టుట్‌గార్ట్‌లోని ఒక కంపెనీ సంవత్సరానికి 52,000 యూరోల జీతంతో పిలిచింది. 22న విమానం, తర్వాతి నెల 1న ఉద్యోగంలో చేరాలి. మీ భార్య, నాలుగేళ్ల పాప మూడు నెలల తర్వాత వస్తారు. ఆమెకు థైరాయిడ్ ఉంది, రోజూ మాత్ర వేసుకుంటారు. అమ్మానాన్నలు బరంపురంలోనే ఉండిపోతారు, ఇద్దరికీ షుగరు, నాన్నగారికి బీపీ కూడా. మీ ఏజెంటు మూడు సలహాలు ఇచ్చాడు: నెలకు 35 యూరోల విదేశీ బీమా తీసుకుంటే జర్మనీలో సరిపోతుంది, థైరాయిడ్ సంగతి ఫారంలో రాయవద్దు, ఇక్కడి ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి తీసుకున్న ఒకే ఆరోగ్య పాలసీ) దండగ కాబట్టి ఆపేయండి. మూడూ పాటించవద్దు.

నాది పర్లాకిమిడి. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి బీమా విభాగంలో ఏడేళ్లు కూర్చున్నాను. బరంపురం, రాయగడ, జయపురం నుంచి రైలెక్కి వచ్చిన మనవాళ్ల క్లెయిమ్ ఫారాలు ఎన్ని నింపానో లెక్కలేదు. తర్వాత భార్య ఉద్యోగం వల్ల జర్మనీ వచ్చి తొమ్మిదేళ్లయింది. అక్కడా ఇక్కడా చూసింది ఒకటే. అసలు బీమా లేక చితికిపోయినవారు తక్కువ. ఒక పాలసీ ముగిసి రెండోది మొదలయ్యే లోపు జబ్బుపడినవారే ఎక్కువ. మీ ప్రయాణంలోనూ అలాంటి ఖాళీలు ఉన్నాయి. మీరు రాసిన తేదీలు చూస్తుంటే అవి కళ్లకు కట్టినట్టు కనిపిస్తున్నాయి.

ముందు జర్మనీ పద్ధతి. అక్కడ నివసించే ప్రతి ఒక్కరికీ ఆరోగ్య బీమా ఉండి తీరాలని 2009 నుంచి చట్టం. అందులో ప్రభుత్వ చట్టం కింద నడిచే బీమా ఒక దారి, ప్రైవేటు బీమా మరో దారి. మొదటి దానిని నడిపే సంస్థలను క్రాంకెన్‌కాసె అంటారు. ఏడాది జీతం ఒక హద్దు దాటితే తప్ప ఉద్యోగికి ప్రైవేటు దారి తెరుచుకోదు. 2025లో ఆ హద్దు 73,800 యూరోలు. మీ జీతం 52,000. అంటే మీకు ఎంచుకునే ప్రశ్నే లేదు, చట్టప్రకారం క్రాంకెన్‌కాసెలోనే చేరాలి. ఏజెంటు చెప్పిన 35 యూరోల పాలసీ జర్మనీలో మీ ఉద్యోగానికి, తర్వాత రెసిడెన్స్ పర్మిట్‌కు లెక్కలోకి రాదు. అలాంటివి కొద్దికాలం వచ్చిపోయే అతిథుల కోసం తయారైన పాలసీలు. పాత జబ్బులు, పాలసీకి ముందే మొదలైన గర్భం వాటిలో సాధారణంగా మినహాయింపులే.

మరి క్రాంకెన్‌కాసెకు ఎంత కట్టాలి? జీతంలో 14.6 శాతం, దానిపైన ఒక్కో సంస్థ తన అదనపు శాతం వేసుకుంటుంది. 2025కు ప్రభుత్వం ప్రకటించిన సగటు అదనం 2.5 శాతం. మొత్తంలో సగం కంపెనీ కడుతుంది. వృద్ధాప్యంలో, అశక్తతలో సంరక్షణ కోసం వేరే బీమా ఉంది, అది 3.6 శాతం, దాదాపు అన్ని రాష్ట్రాల్లో అందులోనూ సగం కంపెనీదే. మీ నెల జీతం సుమారు 4,333 యూరోలు కాబట్టి 2025 లెక్కన రెండూ కలిపి మీ వాటాగా దాదాపు 450 యూరోలు జీతంలోంచే కోసుకుంటారు. ఈ శాతాలు ఏటా జనవరిలో మారుతుంటాయి.

450 చూసి గుండె గుభేల్మంటుందని తెలుసు, నాకూ అలాగే అయింది. కాని ఆ డబ్బుకు వచ్చేదేమిటో చూడండి. మీ భార్యకు అక్కడ సొంత సంపాదన లేనంతకాలం, లేదా ఏదో చిన్నపాటి సంపాదన ఉన్నంతకాలం, ఆమె, పాప ఇద్దరూ అదే చందాలో ఉచితంగా చేరిపోతారు. ఆరోగ్య చరిత్ర అడగరు. థైరాయిడ్ ఉందా, షుగరు ఉందా అన్న ఫారమే లేదు. వెయిటింగ్ పీరియడ్, అంటే పాత జబ్బుకు డబ్బివ్వని నిరీక్షణ కాలం, లేదు, చేరిన రోజు నుంచి పాత జబ్బుకు కూడా వైద్యం జరుగుతుంది. మందుల చీటీకి ఒక్కో మందుకు 5 నుంచి 10 యూరోలు, ఆసుపత్రిలో ఉంటే రోజుకు 10 యూరోలు, అదీ ఏడాదికి 28 రోజులకు మించకుండా, మీరు కట్టుకుంటారు. పాపకు 18 ఏళ్లు నిండేవరకు అదీ లేదు. పెద్దవాళ్ల కళ్లజోడుకు మాత్రం పెద్దగా ఏమీ రాదు, కట్టుడు పళ్లకు కొంతే ఇస్తారు. ఆరు వారాలు దాటి జబ్బుపడి కంపెనీ జీతం ఆగిపోతే క్రాంకెన్‌కాసె జీతంలో దాదాపు 70 శాతం ఇస్తుంది. మన దేశంలో ఏ ఆరోగ్య పాలసీ ఈ చివరి పని చేస్తుందో నేను చూడలేదు.

ఏ క్రాంకెన్‌కాసె మంచిదని ఇంకొక ప్రశ్న అడిగారు. టెక్నికర్, ఏఓకే, బార్మర్, డాక్ లాంటి పెద్దవాటిలో అందే వైద్యం దాదాపు ఒకటే, చట్టమే నిర్ణయిస్తుంది. తేడా అదనపు శాతంలో, ఫోన్లో ఇంగ్లీషులో మాట్లాడే మనిషి దొరకడంలో. నేను రెండోదానికి ఓటేస్తాను. మొదటి ఏడాది జర్మన్ ఉత్తరాలు చదవలేక మనం పడే అవస్థ ముందు నెలకు నాలుగు యూరోల పొదుపు నిలవదు. ఏడాది తర్వాత నచ్చకపోతే మారవచ్చు. బయలుదేరకముందే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోండి, సభ్యత్వ ధ్రువపత్రం మీకూ కంపెనీకీ వస్తుంది. ఫోటో ఉన్న కార్డు రావడానికి వారాలు పడుతుంది, అప్పటివరకు ఆ ధ్రువపత్రమే చూపించాలి.

ఇక మొదటి ఖాళీ. క్రాంకెన్‌కాసె రక్షణ మీరు దిగిన రోజు నుంచి మొదలు కాదు, ఉద్యోగం మొదలైన రోజు నుంచి. 22కూ 1కీ మధ్య తొమ్మిది రోజులు మీరు జర్మనీలో గాలిలో వేలాడుతుంటారు. దీనికోసమే కనీసం 30,000 యూరోల రక్షణ ఉన్న ప్రయాణ బీమా కావాలి. టికెట్ కొనేటప్పుడు ఒక చిన్న గడిలో టిక్కు పెట్టి తీసుకునే పాలసీని నమ్ముకోవద్దు. రద్దయిన విమానానికి, పోయిన సామానుకు ఇచ్చేదే అందులో ఎక్కువ. తేదీ కూడా సరిగ్గా 1తో ముగించవద్దు, కనీసం 15వ తేదీ దాకా తీసుకోండి. చేరే తేదీ ఏదో కారణంతో వారం జరగడం నేను చాలాసార్లు చూశాను. మీరు బయలుదేరే ముందే ఉద్యోగ ఒప్పందంలో రాసిన తేదీని, దరఖాస్తులో రాసిన తేదీని పక్కపక్కన పెట్టి చూడండి.

ప్రయాణ బీమా ఎంతవరకు పనికొస్తుందో నా పన్ను నాకు నేర్పింది. విశాఖలో రూట్ కెనాల్ సగం చేయించుకుని, మిగతాది వెళ్లాక చూసుకుందామని విమానమెక్కాను. మూడో రోజుకు దవడ గుమ్మడికాయంత అయింది. దంతవైద్యుడు చీము తీసి 180 యూరోల బిల్లు ఇచ్చాడు. బీమా కంపెనీ ఒక వాక్యంలో తిరస్కరించింది: వైద్యం ప్రయాణానికి ముందే మొదలైంది కాబట్టి ఇది ఆకస్మికం కాదు. ఇదే వాక్యాన్ని ఏడేళ్లపాటు ఇతరుల కాగితాల్లో చదివి వాళ్లకు వివరించి చెప్పినవాణ్ని నేను! వాళ్ల మాటలో తప్పేమీ లేదు. అందుకని మీరు ఈ నెలలోనే పళ్లు, కళ్లు చూపించుకుని, మొదలుపెట్టిన వైద్యమేదైనా ఉంటే ముగించుకుని బయలుదేరండి.

ఇప్పుడు రెండో ఖాళీ, అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. మీరు దాని గురించి అడగనే లేదు. భువనేశ్వర్ కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీ మీ చివరి పనిదినంతో సాధారణంగా ఆగిపోతుంది. మీ భార్య, పాప, ఒకవేళ అమ్మానాన్నలు కూడా దాని కిందే ఉంటే, వాళ్లందరూ ఆ రోజే రక్షణ కోల్పోతారు. భార్యాపిల్లలు ఇంకా మూడు నెలలు బరంపురంలోనే ఉంటారు కదా. ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకముందే మానవ వనరుల విభాగాన్ని అడిగి, అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో కనుక్కోండి. అలా మారితే గ్రూపులో గడిపిన కాలం వెయిటింగ్ పీరియడ్ లెక్కలో కలుస్తుంది. ఉద్యోగం వదిలేశాక అడిగితే తలుపు మూసుకుపోతుంది. మీరు ఆపేద్దామనుకుంటున్న ఫ్లోటర్ ఇక్కడే పనికొస్తుంది.

థైరాయిడ్ రాయవద్దన్న మాటకు వస్తాను. ఏజెంటుకు కమీషన్ పాలసీ అమ్మిన రోజే వస్తుంది, క్లెయిమ్ తిరస్కరించిన రోజు అతని ఫోన్ మోగుతూనే ఉంటుంది. మన దేశంలో 2024 ఏప్రిల్ నుంచి నియమం ఇది: ముందునుంచి ఉన్న జబ్బుకు వెయిటింగ్ పీరియడ్ 36 నెలలకు మించకూడదు, వరుసగా 60 నెలలు ప్రీమియం కట్టాక దాచారన్న సాకుతో క్లెయిమ్ కొట్టివేయడానికి మోసం నిరూపించాలి. చెప్పినవారికి మూడేళ్లలో దారి తెరుచుకుంటుంది. దాచినవారు ఆ 60 నెలల లోపు ఆసుపత్రిలో చేరితే, పాత మందుల చీటీ ఒక్కటి బయటపడితే చాలు, పాలసీయే రద్దవుతుంది. థైరాయిడ్ లాంటి మామూలు విషయాన్ని దాచి అంత ముప్పు తెచ్చుకోవడం నాకు అర్థం కాదు. పైగా జర్మనీలో దాచవలసిన అవసరమే లేదని పైన చెప్పాను.

అక్కడ ఆమె మందు దొరుకుతుందా అంటే, దొరుకుతుంది. కాని మన డాక్టరు రాసిన కంపెనీ పేరు చూపిస్తే అక్కడి మందుల దుకాణంవారు తెల్లబోతారు. చీటీలో లివోథైరాక్సిన్ అని అసలు పేరు, మైక్రోగ్రాములు, వాడే వేళ ఇంగ్లీషులో టైపు చేయించి సంతకం, ముద్ర వేయించండి. సొంత వాడకానికి మూడు నెలల మందు వెంట తీసుకురావచ్చు. మనవైపు ఔట్‌డోర్ చీటీలు సగం ఇంగ్లీషులో, సగం ఒడియాలో ఉంటాయి. పాప టీకాల పుస్తకంలో ఒడియా మాటలుంటే అదీ ఇంగ్లీషులో రాయించండి. అంగన్‌వాడీలో వేసిన టీకా తేదీలు తర్వాత అడిగితే చెప్పే నాథుడు ఉండడు. జర్మనీలో బాలబడిలో చేర్చాలంటే తట్టు టీకా వేశారన్న ఆధారం తప్పనిసరిగా చూస్తారు.

కాగితాల దగ్గర ఒడిశా తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఉంటుంది: పేరు. స్కూలు సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమై ముందు నిలబడుతుంది, ఆధార్‌లో పూర్తిగా విడుతుంది, స్థానిక అలవాటు ప్రకారం పాత్రో, దొర, ఆచారి లాంటిది ఒకటి వెనక తగులుకుంటుంది. పాప జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు ఒక రకంగా, మీ పాస్‌పోర్టులో మరో రకంగా ఉంటే ఈ చిక్కు జర్మనీ దాకా వస్తుంది. పాప మీ బిడ్డేనని, ఆమె మీ భార్యేనని క్రాంకెన్‌కాసెకు వివాహ, జనన ధ్రువపత్రాలతోనే చూపించాలి. మరొక సంగతి కూడా ఉంది. పిల్లలున్నట్టు ఆధారం చూపించకపోతే సంరక్షణ బీమాలో 0.6 శాతం అదనంగా కోస్తారు, మీ జీతం మీద అది నెలకు 26 యూరోలు. పాప ఇంకా ఇండియాలో ఉన్నా ధ్రువపత్రం చూపిస్తే అది పడదు. కాబట్టి ఆ ధ్రువపత్రాన్ని మీతోనే మొదటి విమానంలో తీసుకెళ్లండి, వాళ్లు వచ్చేటప్పుడు తెస్తారులే అని వదిలేయవద్దు. సూట్‌కేసులో బరంపురం అప్పడాలకు ఇచ్చే చోటులో పదో వంతు కాగితాలకు ఇస్తే చాలు.

భార్యాపిల్లలు దిగిన రోజుకూ వాళ్ల చిరునామా నగర కార్యాలయంలో నమోదైన రోజుకూ మధ్య మరో చిన్న ఖాళీ. అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పట్టే ఊళ్లున్నాయి. వాళ్లకు కూడా నెలన్నర ప్రయాణ బీమా తీసుకోండి. నమోదు జరిగాక కుటుంబ సభ్యత్వం వాళ్లు అక్కడ నివాసం మొదలుపెట్టిన తేదీ నుంచే ఇస్తారు. ప్రయాణ బీమా డబ్బు వృథా అయిందని అప్పుడు అనిపించవచ్చు, అనిపించనివ్వండి.

అమ్మానాన్నల సంగతి. వాళ్ల పాలసీని మీ ఫ్లోటర్‌లోంచి విడదీసి, వాళ్ల పేరుమీదే నడిచేలా ఇప్పుడే కంపెనీతో మాట్లాడండి, కొనసాగింపు పోకుండా విడదీయమని లిఖితంగా అడగండి. ఆపేస్తే ఆ తర్వాత షుగరున్న అరవై ఏళ్లవారికి కొత్త పాలసీ దొరకడం కష్టం, దొరికినా 36 నెలల గడియారం మళ్లీ మొదటి నుంచి తిరుగుతుంది. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు కాబట్టి భారమూ కొంత తగ్గింది.

అయితే పాలసీ ఉంచుకోవడం ఒక ఎత్తు, దాన్ని బతికించుకోవడం ఒక ఎత్తు. మీరు వెళ్లాక ఇక్కడి జీతం ఖాతాను ఎన్నారో ఖాతాగా, అంటే విదేశాల్లో ఉండేవారి రూపాయి ఖాతాగా, మార్చుకోవాలి. మార్చగానే ప్రీమియం కోసం ఇచ్చిన ఆటో డెబిట్ ఆదేశం ఆగిపోవచ్చు. మీ భువనేశ్వర్ సిమ్ రీచార్జి లేక చచ్చిపోతుంది, దానికి వచ్చే ఓటీపీలూ పోతాయి. రెన్యువల్ సందేశం ఎవరికీ అందదు. గడువు దాటాక వార్షిక ప్రీమియానికి 30 రోజుల వెసులుబాటు ఉంటుంది, ఆలోపు కడితే కొనసాగింపు పోదు. కాని ఆ మధ్య రోజుల్లో ఆసుపత్రిలో చేరితే డబ్బు రాదు. ఇలా తండ్రి గుండెపోటు సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చిన కుటుంబానికి నేనే కాగితాలు నింపాను. పాలసీలో ఫోన్ నంబరు నాన్నగారిది పెట్టించండి, ప్రీమియం ఆయన ఖాతా నుంచి కట్టించండి, దానికి డబ్బు మీరు పంపండి.

నాన్నగారికి 70 నిండితే ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా 5 లక్షల వైద్యం. ఒడిశాలో ఈ పథకం 2025 ఏప్రిల్ నుంచి నడుస్తోంది, పథకంలో ఉన్న ఆసుపత్రి అయితే విశాఖలోనూ చెల్లుతుంది. ఇచ్ఛాపురంలో మేనమామ ఇంటి చిరునామా పెట్టుకుని ఆంధ్ర ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు కోసం తిరిగే మనవాళ్లకు నేను ఎప్పుడూ చెప్పేది, ఆ అబద్ధపు చిరునామా ఒకరోజు ఆపరేషన్ బల్ల ముందు బయటపడుతుంది. అది వద్దు.

సెలవులకు బరంపురం వచ్చినప్పుడు మీకే ఒక ఖాళీ ఉంటుంది. క్రాంకెన్‌కాసె ఐరోపాలో, ఒప్పందమున్న మరికొన్ని దేశాల్లో పనిచేస్తుంది, ఇండియాలో పనిచేయదు. జర్మనీలో ఏడాదికి పదో ఇరవయ్యో యూరోలకు ప్రయాణ ఆరోగ్య బీమా దొరుకుతుంది. స్వదేశానికి వర్తించదనే షరతు దానిలో లేదని చూసుకుని తీసుకోండి. ఇక్కడి ఫ్లోటర్‌లో మీ పేరూ ఉంచుకుంటే ఆ బెంగా ఉండదు.

ఇది చదివే వేరే దేశాలవారి కోసం రెండు మాటలు. మన గంజాం, గజపతి నుంచి గల్ఫ్‌కు వెళ్లే ఈసీఆర్ (వలసకు ప్రభుత్వ అనుమతి కావలసిన) పాస్‌పోర్టు వారికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి, రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పన్ను అదనం. అది ప్రధానంగా ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షలిచ్చే బీమా, అక్కడ జ్వరమొస్తే చూపించే కార్డు కాదు. దుబాయిలో వైద్య బీమా యజమాని ఇవ్వాలని 2013 చట్టం, 2025 జనవరి 1 నుంచి ఉత్తర ఎమిరేట్లలోనూ ఇవ్వాలి. జీతంలోంచి దాని డబ్బు కోస్తే అడగండి. బ్రిటన్‌కు వెళ్లేవారు వీసాతోపాటే ఆరోగ్య రుసుముగా ఏడాదికి 1,035 పౌండ్లు, విద్యార్థులు 776 పౌండ్లు ముందే కట్టేస్తారు, మళ్లీ వేరే బీమా కొనవలసిన పని లేదు. ఆస్ట్రేలియా విద్యార్థి బీమాలో పాత జబ్బులకు సాధారణంగా 12 నెలల నిరీక్షణ ఉంటుంది. అమెరికాకు అమ్మానాన్నలను పిలిచేవారు, ఒక్కో చికిత్సకు ఇంతే ఇస్తామని గిరిగీసిన చౌక పాలసీ మాత్రం కొనవద్దు. అక్కడి బిల్లు ముందు అది చిల్లర.

మీ ప్రశ్నలో ఒక్కటి రాయలేదు: అమ్మానాన్నల పాలసీ రెన్యువల్ ఏ నెలలో, దాన్ని తీసుకుని ఎన్నేళ్లయింది. మీరు బయలుదేరిన రెండు నెలల్లోపే ఆ తేదీ పడుతుంటే, పాలసీ విడదీసే పని రాజీనామా కంటే ముందే మొదలుపెట్టాలి. ఆ తేదీ చూసి రాయండి.